ఫోను పాఠమా, ఎదుటి పాఠమా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో పంతుళ్లకిచ్చే శిక్షణతో తమకేం పని అని గ్రామస్థులు అనుకోరాదు. ఏకోపాధ్యాయ పాఠశాల పంతులు శిక్షణకు పోతే ఆ దినం బడికి తాళమే. ఫోనులోనే నేర్చుకోమంటే బడి నడుస్తుంది. కాని నేర్చింది ఎంత?

కేంద్ర ప్రభుత్వం 2019 ఆగస్టులో ‘నిష్ఠ’ పేరిట ఉపాధ్యాయులకు ముఖాముఖి శిక్షణ ప్రారంభించింది. కరోనా వచ్చాక, 2020 అక్టోబరులో ‘దీక్ష’ ద్వారా ఆన్‌లైను కోర్సులుగా మార్చింది. తీరిక చిక్కినప్పుడు చూడవచ్చు, అర్థం కానిది మళ్లీ వినవచ్చు. ఈ సౌకర్యం తక్కువది కాదు. అయితే వీడియోను దాని మానాన నడవనిచ్చి సర్టిఫికెట్టు పుచ్చుకునే వారూ ఉంటారు. సందేహం వచ్చిన క్షణాన చెప్పే మనిషి ఎదుట లేడు. నల్లమల పెంటల వైపు పనిచేసేవారైతే ముందు సిగ్నలు వెదుక్కోవాలి.

అలాగని ముఖాముఖి శిక్షణ అంతా గొప్పదీ కాదు. పైన ఒకరికి చెప్పింది, వారు మరొకరికి చెప్పి, మండలానికి చేరేసరికి నీళ్ల మజ్జిగవుతుంది.

గద్వాల చీరలో నూలు బట్టకు పట్టు అంచు కలిపే పని మగ్గం పక్కన కూర్చున్నవారికే పట్టుబడుతుంది. పిల్లవాని చేత అక్షరం దిద్దించడం, అంగన్‌వాడీలో బిడ్డ బరువు సరిగా తూచడం అటువంటివే. వీటికి నేర్పేవారు ఎదుట ఉండాలి. కొత్త నిబంధనలు, రిజిస్టర్లు నింపే తీరు ఫోనులో చూస్తే చాలు, దాని డేటా ఖర్చు మాత్రం ప్రభుత్వమే భరించాలి.

పంతుళ్ల ముఖాముఖి తరగతులు వేసవి సెలవుల్లో, మండల కేంద్రంలోనే పెట్టాలి. బడి దినాల్లో తప్పదంటే, బదులు పంతులును పంపిన తరువాతే పిలవాలి. మూడు జిల్లాల విద్యాశాఖాధికారులు వచ్చే వేసవి పట్టిక వేసేముందే ఈ సంగతి తేల్చాలి.