గృహవిద్య: పెద్దమాటలు చదివించుట



మా నిర్మల్ జిల్లాలో గోదావరీతీరమున బాసర క్షేత్రము కలదు. సరస్వతీదేవి సన్నిధిని అక్షరాభ్యాసము చేయింప తల్లిదండ్రులు దూరప్రాంతములనుండియు బిడ్డలను తోడ్కొని వత్తురు. పలకపై తొలి యక్షరము దిద్దించుట యొక్కనాటి వేడుక. ఆ యక్షరములను కూర్చి మాటగా పలికించుట పెక్కునాళ్ల పని. అది బడిపంతులుగారి పనియే కాదు, ఇంట మన పనియు.

మా పొరుగింటి బాలిక మూడవ తరగతి చదువుచున్నది. బాసరకు రమ్మని బంధువులు పంపిన ఆహ్వానపత్రికను ఒకనాడు నాయనమ్మకు చదివి వినిపింపబోయి, "అక్షరాభ్యాసము" అను మాటకడ ఆగిపోయెను. "అ, క్ష, రా" అని విడివిడిగా పలికి, తుదకు "అక్షరమాల" అని ఊహించి చెప్పెను. "గిదేనా నీ సదువు?" అని నాయనమ్మ నవ్వెను. నాటినుండి ఆ బిడ్డ యెవరియెదుటను పుస్తకము తెరవలేదు. మేము చేరదీసి యడుగగా, "అక్షరాలన్ని వస్తయి పెద్దమ్మా, మాటనే వస్తలేదు" అని కంట నీరు పెట్టుకొనెను.

బిడ్డ చెప్పినది నిజము. వ్రాయునపుడు మనము జంటహల్లులను ఒక్క యక్షరముగా వ్రాయుదుము. పలుకునపుడు వానిలో మొదటి హల్లు ముందరి యక్షరమునకు అంటుకొనును. "అమ్మ" వ్రాతలో అ–మ్మ, నోట అమ్–మ. "పుస్తకము" నోట పుస్–త–క–ము. సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువగునని ఛందస్సు చెప్పుటకు మూలమిదియే.

కావున మే మిట్లు చేసితిమి. మొదట అమ్మ, అక్క, అత్త అను మాటలను చప్పట్లతో పలికించితిమి. పిదప పెద్దమాటను అర్థమునుబట్టి "అక్షర", "అభ్యాసము" అని రెండుగా విడదీసి చూపితిమి. ఒక్కొక్క పలుకునకు ఒక్కొక్క చింతగింజ పెట్టించితిమి: అక్–ష–రాభ్–యా–స–ము, ఆరు గింజలు. గురువుకడ గొంతు నిలిపి, లఘువుకడ త్వరగా సాగుమంటిమి. తుదకు గింజలు తీసివేసి ఒక్క యూపిరిలో చదివించితిమి.

దినమునకు ఒక్క మాట చాలును. బిడ్డ తడబడినచో మనము తొందరపడి మాట అందింపరాదు. పదిమందిలో నవ్వుట అసలే కూడదు. ఆ నవ్వు మాన్పుటకు మాకు నెల పట్టినది.

మొన్న నాయనమ్మయే పత్రిక తెచ్చి "సదువు బిడ్డా" అనెను. "విద్యార్థులు" అను మాటకడ బాలిక ఆగెను. వ్రేళ్లు మడచుచు విద్–యార్–థు–లు అని మెల్లగా పలికి, కూర్చి చదివెను. నాయనమ్మ ఈసారి నవ్వలేదు. "ఎన్కది గూడ సదువు" అనెను.