గడప దాటని దినములలో చిన్న సంతోషములు

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన భారతదేశమంతటను లాక్‌డౌన్ ఆరంభమయ్యెను. తెలుగువారికి ఆ దినము శార్వరి నామ సంవత్సర ఉగాది. పంచాంగ శ్రవణమునకు ఆలయ మండపములలో జనులు కూడుటకు వీలు లేకపోయెను. బంధువుల రాకపోకలు నిలిచెను. ఐనను వేపచెట్టు ఎప్పటివలెనే పూచెను. ఇంట బెల్లము, చింతపండు, మామిడికాయ ఉన్నవారు పచ్చడి కలుపుకొని, ఉన్నవారితోనే పండుగ జరుపుకొనిరి.

మొదట 21 దినములని చెప్పిన కట్టడి, ఏప్రిల్ 14 తరువాత మే 3 వరకును, పిమ్మట మే 17 వరకును, ఆపైన మే 31 వరకును పొడిగింపబడెను. కోవిడ్ వ్యాధి సోకినవారి ఊపిరి, మాట, దగ్గుల ద్వారా ఇతరులకు వ్యాపించును గనుక జనులు దూరముగా నుండుట అవసరమని వైద్యులు వివరించిరి. ఇల్లు విడువరాదనుటకు కారణము ప్రజలకు తెలిసినది. ఇంటిలోని దినమును ఎట్లు గడుపవలెనో చెప్పినవారు మాత్రము తక్కువ. ఈ లోటు చిన్నది కాదు. చేదు మందును రెండు పూటలు మ్రింగవచ్చును. రెండు మాసములపాటు ప్రతి గంటయు చేదుగానే గడుపుట ఎవరికిని సాధ్యము కాదు. విసిగిన మనిషి ఏదో ఒక సాకుతో గడప దాటును. కావున ఇంటిలోని చిన్న సంతోషములను కాలక్షేపమని తీసివేయరాదు. వ్యాధి నివారణకు చేతులు కడుగుకొనుట ఎట్టిదో, ఇంట నిలువగలుగుటకు ఈ సంతోషములును అట్టివే.

ఊరిలో జనులు ప్రాణములకై పెనుగులాడుచుండగా ఇంటిలో వేడుకయా యని కొందరు సంకోచింతురు. ఆ సంకోచము మంచి మనస్సునకు గుర్తు. కాని ఉదయము మొదలు రాత్రివరకు మరణ వార్తలనే వినుచు కూర్చుండినందువలన రోగి యొక్కనికిని మేలు కలుగదు. వినువానికి నిద్ర మాత్రము తప్పును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి మాసములోనే, వార్తలను దినమునకు ఒకటి రెండు మారులు, నియమిత వేళలయందు మాత్రమే తెలిసికొనుట మేలని సూచించెను. అట్లు మిగిలిన కాలములో ఒక పూట ప్రశాంతముగా గడపినవాడు, పొరుగువారికి అవసరము వచ్చినప్పుడు తోడుపడుటకు ఎక్కువ శక్తి కలవాడై యుండును.

ఈ సంతోషములకు ధనము అంతగా అక్కరలేదు. ఆ వేసవిలో అనేక గృహములందు అవి కానవచ్చెను. మామిడికాయ దొరికినవారి ఇండ్లలో ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి ఆవకాయ పెట్టిరి. మూడవనాడు జాడీ మూత తీసి తిరుగగలుపునప్పటి ఘాటు ఇల్లంతయు నిండును. ఆనాడు వేడి అన్నములో కొత్త ఆవకాయ కలిపి పిల్లలకు ముద్దలు పెట్టుట ఒక పండుగయే. అటుకపైనున్న అష్టాచెమ్మా పలక, వామనగుంటల పీట క్రిందికి దిగినవి. అవి లేనిచోట నేలపై సుద్దతో గీసిన గడులు, గవ్వలు, చింతగింజలు చాలినవి. పగిలిన కుండలో మట్టి పోసి పిడికెడు మెంతులు చల్లిన నాలుగైదు దినములలో మొలక కనబడును. ప్రతి ఉదయమును దానిని చూడ పరుగెత్తు బిడ్డకు, నిన్నటికిని నేటికిని భేదమున్నదని తెలియును. దినములన్నియు ఒక్కటిగా తోచు కాలములో ఆ తెలివియే గొప్ప ఊరట.

ఆకాశమును చూచుట మరియొక సంతోషము. 2020 ఏప్రిల్ 3వ తేదీ సాయంకాలమున పడమటి దిక్కున శుక్రగ్రహము కృత్తికా నక్షత్రముల గుంపులోనుండి సాగిపోవుచు కనబడెను. దానిని చూచుటకు కన్నులును, డాబాయో వాకిలియో చాలును. వాహనముల పొగ తగ్గిన ఆ దినములలోనే, పంజాబులోని జలంధరు నగరవాసులకు తమ మేడలపైనుండి దూరపు ధౌలాధార్ పర్వతశ్రేణి కానవచ్చెను. ఉన్నచోటనే ఉండి చూడవలసినది ఇంకను ఎంతో కలదని అనేకులకు అప్పుడు తెలిసెను.

ఒంటరిగా అనుభవించు సంతోషముకంటె, దూరముననున్నవారితో ఏకకాలమున అనుభవించునది ఎక్కువ నిలుచును. 2020 మార్చి 28వ తేదీనుండి దూరదర్శన్, మొదట 1987లో ఆరంభించిన రామాయణ ధారావాహికను మరల ప్రసారము చేసెను. ఏప్రిల్ 2వ తేదీన భద్రాచలములో సీతారాముల కల్యాణము భక్తజన సమూహము లేకయే జరిగెను. ప్రజలు దానిని తమ ఇండ్లలో కూర్చుండి టెలివిజనులో తిలకించిరి. ఆ సంవత్సరము రంజాను మాసమున ముసల్మానులు తరావీహు నమాజును కుటుంబ సభ్యులతో ఇంటియందే చేసికొనిరి. విజయనగరములోని అమ్మమ్మయు, హైదరాబాదులోని మనుమడును ఒకే వేళకు ఒకే దృశ్యమును చూచి, పిమ్మట టెలిఫోనులో దానిని గూర్చి మాటలాడుకొన్నచో, మధ్యనున్న దూరము కొంత తగ్గినట్లే.

ఇచ్చట ఒక ప్రశ్న తప్పక అడుగవలసియున్నది. ఈ సంతోషము ఎవరి శ్రమవలన కలుగుచున్నది? 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు దానికి దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించుచుండగా, పాల్గొను పురుషులు 97 నిమిషములే వెచ్చించుచుండిరి. అందరును ఇంటనే యున్న దినములలో ఈ భారము ఇంకను పెరుగుట సహజము. సాయంకాలమున బజ్జీలు తినువారికి అది వేడుక. వైశాఖమాసపు ఉక్కలో పొయ్యి యొద్ద నిలిచిన ఇల్లాలికి అది మరియొక పని. ఒకరి విశ్రాంతి మరియొకరికి వెట్టి అయినచో, ఆ ఇంట సంతోషము ఉన్నదని చెప్పుట తగదు. కూరలు తరుగుట, గిన్నెలు తోముట, బట్టలు ఆరవేయుట మగవారును, ఎదిగిన పిల్లలును పంచుకొనవలెను. ఇల్లాలు కాళ్లు చాపుకొని కూర్చుండి, పాట వినుటకో పత్రిక చదువుటకో ప్రతి దినము ఒక గంట దొరకుటయే ఆ ఇంటి సంతోషమునకు సరియైన కొలత.

మరియొక పరిమితిని కూడ మరువరాదు. ఇంట నుండుటకు ఇల్లు కావలెను. ఇంటిలో తినుటకు తిండి కావలెను. ఆ సంవత్సరము కూలి పోగొట్టుకొన్న వలస కార్మికులు పిల్లలను ఎత్తుకొని జాతీయ రహదారులవెంట కాలినడకన స్వగ్రామములకు సాగిరి. వారికై నడిపిన శ్రామిక ప్రత్యేక రైళ్లలో మొదటిది 2020 మే 1వ తేదీన హైదరాబాదు చెంతనున్న లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు బయలుదేరెను. అట్టివారికి మొక్కలు పెంచుమని, ఆకాశము చూడుమని బోధించుట పరిహాసమగును. ఒకే గదిలో ఆరుగురు నివసించు కుటుంబమునకు గాలియాడు చోటును, బియ్యమును, కూలి నష్టమునకు సహాయమును ముందు కావలెను. ఇవి సమకూర్చుట ప్రభుత్వమునకును సమాజమునకును విధి. చిన్న సంతోషములు ఆ విధికి తోడు కాగలవుగాని బదులు కానేరవు.

వ్యాధి సోకి వేరుగదిలో నుండు రోగికిని, ఒంటరిగానున్న వృద్ధులకును ఎదురుచూచుటకు ఏదియో ఒకటి ఉండవలెను. ప్రతి దినము ఒకే వేళకు వచ్చు టెలిఫోను పిలుపు, తలుపు వెలుపలినుండి మనుమరాలు వినిపించు పద్యము, భోజనపు పళ్లెముతోపాటు వచ్చు రెండు పంక్తుల చీటి, ఇవి వారికి దినమును నడపును. ఐనను చిన్న సంతోషములు తీర్చలేని దుఃఖము కూడ కలదు. రెండు వారములకు పైగా నిద్ర, ఆకలి తప్పినను, దేనియందును ఆసక్తి లేకపోయినను వైద్యుని సంప్రదింపవలెను. బ్రదుకవలదను తలంపు కలిగినచో ఒక్క దినమైనను ఆగరాదు. వెంటనే ఇంటివారికి చెప్పి సహాయము పొందవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యపై రాత్రింబవళ్లు ఉచితముగా మాటలాడవచ్చును. తెలుగులోనే తమ బాధను చెప్పుకొనవచ్చును. అట్లు అడుగుట బలహీనత కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినట్లు ప్రకటించెను. ఐనను గడప దాటరాని దినములు లోకమునుండి పోలేదు. ఆటలమ్మ వచ్చిన బిడ్డ, పొక్కులన్నియు పెచ్చులు కట్టువరకు బడికి పోరాదు. జ్వరము, దగ్గు గలవారు జనసమూహములకు దూరముగా నుండుట నేటికిని మంచి అలవాటే. మరియొక మహమ్మారి రాదని ఎవరును హామీ ఇయ్యజాలరు. కావున ఇంట నుండుమని చెప్పు ప్రతి వైద్యుడును, ప్రతి ఆరోగ్య కార్యకర్తయు, ఇంట ఎట్లు నుండవలెనో కూడ ఒక మాట చెప్పవలెను. ప్రతి కుటుంబమును జ్వరపు మాత్రలు ఉంచుకొను అలమారలోనే ఒక గవ్వల సంచి, కథల పుస్తకము, పిడికెడు విత్తనములు కూడ ఉంచుకొనుట మంచిది. అవసరము వచ్చినప్పుడు అవియు మందువలెనే పనికివచ్చును.