వాల్యూమ్ నంబరు చూసి స్పీకర్లను తిట్టకండి

మా ఇల్లు కోడంబాక్కంలో. అమ్మమ్మ పెళ్లయి ఈ వీధికి వచ్చిన రోజుల్లో తెలుగు పాటలు ఇక్కడికి దగ్గర్లోనే, వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో రికార్డయ్యేవి. తర్వాత తెలుగు సినిమా హైదరాబాదు వెళ్లిపోయింది. అమ్మమ్మ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. సాయంత్రం ఘంటసాల పాట వినందే ఆవిడకు కాఫీ దిగదు.

పోయిన దీపావళికి పాత స్పీకర్లు పాడైతే నాన్న కొత్త జత తెచ్చారు. ఆంప్లిఫయర్ మాత్రం పాతదే. పాత పెట్టెలకు వాల్యూమ్ నాబ్ గడియారంలో తొమ్మిది గంటల చోట ఉంటే హాలంతా నిండేది. కొత్తవాటికి పదకొండు దాటినా పాట గొణుగుతున్నట్టే ఉంది. "దమ్ము లేని సరుకు అంటగట్టాడు, తిరిగి ఇచ్చేద్దాం" అన్నారు నాన్న. అన్నయ్య ఊరుకుంటాడా? "దమ్ము నేను చూపిస్తా ఉండండి" అని ఈమధ్య వచ్చిన సినిమా పాట ఒకటి పెట్టి నాబ్ చివరిదాకా తిప్పేశాడు. పాట అయ్యేదాకా ఇల్లు అదిరిపోయింది.

మర్నాటి నుంచి అమ్మమ్మది ఒకటే మాట: "పాట వినబడుతోందే, మాటే తెలియట్లేదు." ఇంట్లో వెంటనే తీర్పు చెప్పేశారు, ఆవిడకు చెవుడు మొదలైందని. వాల్యూమ్ ఇంకా పెంచారు. నాలుగు రోజులు చూసి ఆవిడ పాటలు వినడమే మానేసింది. అడిగితే "నా చెవులే సరిగా లేవులే" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఒకరోజు స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నాను. కింది పెద్ద కోను పాడుతోంది, పైన ఉండే చిన్న ట్వీటర్‌లో చప్పుడు లేదు. రెండో పెట్టెలోనూ అంతే. రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తే బాగుచేసే ఆయన చూడగానే "ఫుల్లుగా పెట్టారా?" అని అడిగారు. ఆయన చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ మీకూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మొదటిది, నాబ్ మీది అంకె శబ్దానికి కొలత కాదు. లోపలికి వచ్చే సిగ్నల్‌లో ఎంత భాగాన్ని ముందుకు వదలాలో చెప్పే తూము అది. వచ్చే సిగ్నల్ బలంగా ఉంటే నాబ్ సగం తిరిగేసరికే ఆంప్లిఫయర్ తన శక్తి అంతా ఇచ్చేయవచ్చు. పాత పాట చాలావరకు మెల్లగా రికార్డయి ఉంటుంది, ఈనాటి పాట గట్టిగా. నాబ్ ఒకేచోట ఉన్నా మోత ఒకటి కాదు.

రెండోది, ప్రతి స్పీకర్‌కూ సెన్సిటివిటీ అని ఒకటుంది. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తుందో అది చెబుతుంది. 90 ఇచ్చే పెట్టెలు తీసి 84 ఇచ్చేవి పెడితే, అదే మోత కోసం నాలుగు రెట్ల శక్తి కావాలి. చిన్న పెట్టెలకు ఇది తరచుగా తక్కువే ఉంటుంది. అంతమాత్రాన అవి నాసిరకం కాదు. నాబ్ కాస్త ఎక్కువ తిప్పాలి, అంతే. "ఎక్కువ వాట్లది కొనండి" అనే సలహా కూడా సగం నిజమే. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి.

మూడోది, మా కొంప ముంచింది. ఆంప్లిఫయర్‌ను దాని హద్దు దాటిస్తే ధ్వని తరంగాల తలలు తెగిపోతాయి. దాంతో పాటలో లేని పదునైన శబ్దాలు పుడతాయి. ఆ భారమంతా ట్వీటర్‌లోని సన్నటి తీగచుట్ట మీద పడి అది కాలిపోతుంది.

తెలుగు చదివే మనకు ఇందులో పట్టింపు ఉండాలి. స, శ, ష లను విడదీసే ఆ ఊపిరి రాపిడి హెచ్చు పౌనఃపున్యాల్లోనే ఉంటుంది. ట్వీటర్ పోతే రాగం మిగులుతుంది, అక్షరం చెడుతుంది. వయసు మీదపడితే చెవి ముందుగా పోగొట్టుకునేదీ ఆ పై ధ్వనులనే. అందుకే మావాళ్లు నేరం అమ్మమ్మ చెవుల మీద వేయడం అంత తేలికైంది. చెవి ఎంత బాగుందో డాక్టరు పరీక్షించాల్సిందే. కానీ అంతకుముందు పెట్టె బాగుందో లేదో చూడొద్దా?

ట్వీటర్లు మార్పించాం. స్పీకర్లను నేల మీద నుంచి తీసి, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకు పెట్టాను. అమ్మమ్మ కుర్చీని దగ్గరికి జరిపాను. నాబ్ ఇప్పుడు పదకొండు దగ్గరే ఉంటోంది. నాన్నకది ఇంకా ఎక్కువగానే అనిపిస్తోంది. అమ్మమ్మ మాత్రం మళ్లీ వింటోంది. అక్కడక్కడ ఒక పదం ఏమిటని నన్ను అడుగుతూనే ఉంటుంది, చెబుతున్నాను.

నా అభిప్రాయం ఇదే: గట్టిగా వినబడటం వేరు, స్పష్టంగా వినబడటం వేరు. మన డిపార్ట్‌మెంట్ కార్యక్రమాల్లోనూ వెనక బెంచీలకు వినబడలేదంటే మనం చేసే మొదటి పని నాబ్ చివరికి తిప్పడం. అప్పుడు పద్యం చదివే అమ్మాయి గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఈ ఉగాదికి స్పీకర్లను కాస్త ముందుకు, కాస్త ఎత్తుకు జరిపి చూద్దాం. గొంతు బొంగురుపోతుంటే వాల్యూమ్ ఒక మెట్టు తగ్గిద్దాం. ఆ రోజు స్పీకర్ల దగ్గర నేను నిలబడతాను.

— బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థిని