సెల్లార్ తవ్వుదామా, బేస్‌మెంట్ లేపుదామా?

మన మేస్త్రీల భాషలో బేస్‌మెంట్ అంటే నేల కింద గది కాదు. పునాది గోడ నేలమట్టం దాటి పైకొచ్చాక, లోపల మట్టి పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టి లేపే ఎత్తు. తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికిచ్చే 5 లక్షల్లో మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాక ఇస్తామన్నారు. ఆ మాట విని ఊళ్ళో ఎవరూ గొయ్యి తవ్వలేదు. నేల కింద కట్టేదానికి మనం వాడే మాట సెల్లార్. ఇంగ్లీషు డిక్షనరీ ఏమన్నా అననీ, ఈ విషయంలో మేస్త్రీ చెప్పిందే రైటని నా వాదన.

ఈ గొడవంతా మా పెదనాన్న ఇంటి గురించి. హైదరాబాద్ శివార్లలో 200 గజాల స్థలం, రోడ్డు కంటే అడుగు పల్లం. న్యూజెర్సీలో ఉన్న మా అన్నయ్య డబ్బులు పంపుతున్నాడు కాబట్టి మాట కూడా పంపుతున్నాడు: "కింద బేస్‌మెంట్ వేయండి, హోమ్ థియేటర్ పెట్టుకుందాం." మేస్త్రీ ఏమో "బేస్‌మెంట్ లేకుండా ఇల్లెట్లా కడతాం సార్" అన్నాడు. ఇద్దరూ ఒప్పుకున్నట్టే అనుకుని వారం రోజులు గడిచింది! తీరా చూస్తే ఒకాయన మూడు మీటర్లు కిందికి, ఇంకొకాయన మూడడుగులు పైకి.

అన్నయ్య ఉండే చోట నేల కింద గది ఎందుకుంటుందో చూద్దాం. చలికాలంలో అక్కడ నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పునాదిని పైకి తోస్తుంది. అందుకని మంచు దిగే లోతు దాటించి పునాది వేస్తారు. మిన్నెసోటా నిబంధనల్లో ఆ లోతు దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాలు. ఎలాగూ అంత తవ్వాక ఇంకొంచెం తవ్వితే ఒక అంతస్తు వస్తుంది. అంటే అది విలాసం కాదు, లెక్క. అదే అమెరికాలో డల్లాస్ వైపు వెళ్తే మనవాళ్ళ ఇళ్ళలో బేస్‌మెంట్ దాదాపు కనిపించదు. మంచు లోతుకి దిగదు, పైగా తడిస్తే ఉబ్బి ఎండితే పగిలే బంకమట్టి. సినిమా గది పైఅంతస్తులో పెట్టుకుంటారు. మన నల్లరేగడి చేసే పనీ అదే కదా? డల్లాస్‌లో వద్దనుకున్నదాన్ని మనం న్యూజెర్సీని చూసి ఎందుకు తవ్వాలి?

మనకి నేల కింద కట్టడం తెలియక కాదు. జొన్నలు దాచుకోవడానికి పాతర వేశారు, కోటల్లో నేలమాళిగలు కట్టారు. కానీ మనుషులు కూర్చోవడానికి మాత్రం నేల మీద అరుగు కట్టుకున్నారు.

ఇక మన సబ్జెక్టులోకి వద్దాం. సివిల్ వాళ్ళు తప్పులుంటే చెప్పండి, నాది మెకానికల్. 100 చదరపు మీటర్ల సెల్లార్ చుట్టూ భూగర్భజలం అడుగు రాఫ్ట్ కంటే రెండు మీటర్లు పైకి వచ్చిందనుకోండి. ఆ నీరు సెల్లార్‌ని పైకి తోసే బలం సుమారు 200 టన్నులు. ఆర్కిమెడిస్ సూత్రం, తొమ్మిదో తరగతిదే. ఇల్లు పూర్తయ్యాక పై అంతస్తుల బరువు దాన్ని తొక్కిపట్టవచ్చు. రాఫ్ట్, గోడలు మాత్రమే లేచి, డబ్బులు అయిపోయి పని ఆగినప్పుడు వానొస్తే? (పని ఆగని ఇల్లు మీరెప్పుడైనా చూశారా?) తవ్వడం కూడా తేలిక కాదు. మూడు మీటర్ల లోతంటే 300 ఘనపు మీటర్ల మట్టి. మట్టి కాకుండా హైదరాబాద్ గ్రానైట్ తగిలితే ఇంకో కథ. 200 గజాల్లో పక్కింటి పునాది చేయి చాపితే అందే దూరంలో ఉంటుంది, దాని కింద మట్టి జారితే ఆ ఇంటి గోడ మనమీదికే వస్తుంది. సెల్లార్ గోతుల్లో మట్టిపెళ్ళలు విరిగిపడి కూలీలు చనిపోయిన వార్తలు మనం చదివినవే. అందుకే వానాకాలంలో సెల్లార్ తవ్వొద్దని జీహెచ్ఎంసీ ఆంక్షలు పెడుతుంటుంది.

"వాటర్‌ప్రూఫింగ్ చేయిద్దాం, సంప్ తవ్వి మోటార్ పెడదాం" అన్నాడు అన్నయ్య. వాటర్‌ప్రూఫింగ్ గోడలోంచి ఊరే నీటిని ఆపుతుంది, మెట్ల మీంచి దిగే నీటిని కాదు. మోటార్‌కి కరెంటు కావాలి. మన దగ్గర పెద్ద వాన, కరెంటు కోత ఒకే బండిలో వస్తాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు ఎన్ని సెల్లార్లలో కార్లు, లిఫ్టులు, మోటార్లు కలిసే మునిగాయో గుర్తుందిగా. కాబట్టి నేనడిగే ప్రశ్న ఒక్కటే: లోపలికొచ్చిన నీరు కరెంటు లేకుండా తనంతట తాను బయటికి పోతుందా? విశాఖలోనో బంజారాహిల్స్‌లోనో వాలు మీద స్థలమైతే పోవచ్చు. కింది రోడ్డు వైపు గోడ తెరిచి ఉంటుంది, గాలీ వెలుతురూ కూడా వస్తాయి. అక్కడైతే కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పెదనాన్న స్థలంలో పోదు.

బేస్‌మెంట్ లేపితే అన్నీ తీరిపోతాయని కూడా అనను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో జనం మేడల మీద రోజులు గడిపారు. అక్కడ మూడడుగుల ఎత్తు ఏం చేస్తుంది? అలాంటి చోట కింది అంతస్తు ఖాళీగా వదిలి స్టిల్ట్ మీద కట్టాలి. మునిగితే బండ్లు మునుగుతాయి, మనుషులు కాదు.

నాకు అసలు భయం హోమ్ థియేటర్ గురించి కాదు. దాన్ని రెండేళ్ళు వాడతారు. తర్వాత ఆ గది ఖాళీగా ఉంటుంది, అద్దె వస్తుందని తోస్తుంది. చిన్న స్థలాలకు స్టిల్ట్‌తో సరిపెట్టి పెద్ద స్థలాలకే సెల్లార్ ఇస్తాయి నిబంధనలు. అయినా తవ్వేవాళ్ళు తవ్వుతారు. ప్లాన్‌లో ఒకటి రాస్తారు, లోపల ఇంకొకటి నడుస్తుంది. ఒకచోట వాచ్‌మన్ కుటుంబం, ఒకచోట ట్యూషన్, ఒకచోట స్టడీ హాల్. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వరద దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. దానికి అనుమతి ఉన్నది స్టోరేజీకి, పార్కింగ్‌కి. అందులో నడిచింది లైబ్రరీ. మన ఊళ్ళలోనూ నెలకింతని కట్టి సెల్లార్ స్టడీ హాల్లో కూర్చునేవాళ్ళు మనలో ఉన్నారు. ఏసీ బావుంటుంది, సిగ్నల్ రాదు కాబట్టి చదువు సాగుతుంది. నిజమే.

మీటరు వెడల్పు తలుపు అవతల మీటరు ఎత్తు నీళ్ళు నిలిస్తే ఆ తలుపు మీద పడే బలం దాదాపు 500 కిలోలు. ఫ్లూయిడ్స్‌లో రెండు మార్కుల బిట్. అర మీటరే ఉన్నా 125 కిలోలు, లోపలి నుంచి ఇద్దరు తోసినా కష్టమే. ఈసారి అలాంటి హాల్లో సీటు తీసుకునే ముందు వైఫై పాస్‌వర్డ్ తర్వాత అడగండి. మెట్లు ఒక వైపేనా రెండు వైపులా, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, పై మెట్టు రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంది, ఇవి ముందు చూసుకోండి.