అలవాటవుతుందిలే!

దీపావళి టపాకాయలు మొదలయ్యాయంటే చాలు, చాలా ఇళ్ళల్లో కుక్క మంచం కిందికి దూరుతుంది. వణుకుతుంది, చొంగ కారుస్తుంది, అన్నం ముట్టదు. ఇంటాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పేస్తారు: "అలవాటవుతుందిలే! దగ్గరకు తీశావంటే ఇంకా గారాలు పోతుంది."

ఎంత సులువైన మాటండీ! బడికెళ్ళనని పసివాడు ఏడ్చినా ఇదే మాట, అత్తారింట్లో పిల్ల కన్నీళ్ళు పెట్టుకున్నా ఇదే మాట. భరించేది తాము కాదుగా మరి!

అలవాటు మాట దేవుడెరుగు, చాలా కుక్కలకు ఏటేటా భయం ముదురుతుంది. మన చెవి సెకనుకు 20,000 కంపనాల దాకా వింటే, కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది. చట్టం ఒప్పుకున్న టపాకాయే నాలుగు మీటర్ల దూరాన 125 డెసిబెల్స్ దాకా మోగొచ్చు. అది పండగ చప్పుడని మనకు తెలుసు. దానికెవరు చెప్పారు?

ఇక గారాబం సంగతి. కూర్చోమంటే కూర్చున్నందుకు బిస్కట్ పెడితే మళ్ళీ కూర్చుంటుంది, నిజమే. కూర్చోవడం దాని ఇష్టం. వణకడం దాని ఇష్టమా? తల నిమిరినంత మాత్రాన భయపడటం ఎవరూ నేర్చుకోరు. దగ్గరకొస్తే నిమరండి. మూల నక్కితే ఈడ్చుకురాకండి. గొలుసుతో కట్టేయకండి, గింజుకుని మెడ కోసుకుంటుంది.

చీకటి పడకముందే షికారు తిప్పి, అన్నం పెట్టి, లోపలి గదిలో పాత దుప్పటి పరవండి. కిటికీలు మూసి, ఫ్యానూ పాటలూ పెట్టండి. మరీ బెదిరేదైతే కొన్ని వారాల ముందే పశువుల డాక్టరుకి చూపించండి, మందులున్నాయి. మీ నిద్రమాత్రలు మాత్రం వెయ్యకండి! నిజంగా అలవాటే చెయ్యాలనుంటే, కొన్ని నెలల ముందు నుంచీ టపాకాయల రికార్డు వినీ వినపడనట్టు పెట్టి, ఇష్టమైన తిండి పెడుతూ, అది బెదరకుండా ఉంటేనే చప్పుడు కొంచెం కొంచెం పెంచండి. అదీ అలవాటు చెయ్యడమంటే!

దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అయినా అర్ధరాత్రి దాకా మోగే వీధులెన్నో! వీధివీధికీ జడ్జిగారు రాలేరు. సంచీ పట్టుకుని కొట్టుకెళ్ళేది మనం. బాంబుల బదులు మతాబులూ కాకరపువ్వొత్తులూ కొంటే వెలుగేం తగ్గదు.

నరకుణ్ణి చంపింది సత్యభామేనని పిల్లలకు గొప్పగా కథ చెబుతాం. ఆవిడ పేరుమీద చేసుకునే పండగనాడు నోరులేని జీవానికి నరకం చూపించడం ఏం న్యాయం, మీరే చెప్పండి!