మెప్పు ఒక్కటే మేలు చేయదు

నీటిరంగులతో చిత్రలేఖనము నేర్వబూనిన వారి తొలి చిత్రములను మెచ్చుకొనవలెనే కాని దోషములెన్నరాదనియు, ఎన్నినచో లేత మొలకను గిల్లివేసినట్లగుననియు ఒక అభిప్రాయము నేడు సర్వత్ర వ్యాపించియున్నది. బంధువులు చూచి బాగున్నదందురు. మిత్రులు ఆహా యందురు. కొందరు గురువులు సైతము శిష్యుని మనసు నొచ్చునేమో యను శంకతో తలయూచి యూరకుందురు. ఈ అభిప్రాయము దయనుండి పుట్టినదే; కాదనను. కాని ఆ దయ యెవరికి మేలు చేయవలెనని తలచుచున్నదో వారికే కీడు చేయుచున్నదని నా దృఢవిశ్వాసము.

ఈ మతమువారు మరచిన దొక్కటి కలదు. క్రొత్తగా కుంచె పట్టినవాడు గ్రుడ్డివాడు కాడు. తన చిత్రమున ఆకాశము మచ్చలుపడినదనియు, చెట్లు బురదరంగు తేలినవనియు అతడు మనకంటె ముందే చూచియున్నాడు. అతడెరుగనిది దోషము కాదు, దోషకారణము. మనము బాగున్నదని చెప్పి సాగిపోయినప్పుడు ఆ కారణమును అతడు తనకుతానే కల్పించుకొనును. తనకు చేయి తిరుగదనియు, ఇది పుట్టుకతో రావలసిన విద్య యనియు నిశ్చయించుకొని, కొన్నాళ్లకు రంగులపెట్టె అటుకమీదికి చేర్చును. నిరుత్సాహమునకు మూలము విమర్శ యని లోకమనుకొనుచున్నది. పెక్కుచోట్ల దానికి మూలము మన మౌనమే.

ఒక చిత్రమును దగ్గరగా చూతము. గోదావరి గట్టున సూర్యోదయమును చిత్రింపనెంచిన విద్యార్థి ఆకాశమునకు పసుపును నీలమును పలుచగా పూసెను. పూత సగమారినది. మబ్బు చాలలేదని తోచి, నీటితో నిండిన కుంచెతో అచ్చట నొక్కమారు తాకెను. వెంటనే ఆ నీరు ఆరీయారని పూతలోనికి చొచ్చుకొనిపోయి, రంగురేణువులను అంచులకు నెట్టి, చిట్లిన అంచులుగల తెల్లని మరక నొకదానిని మిగిల్చెను. దానిని మాపబోయి మరల మరల రుద్దగా కాగితము నూగులేచెను. అల్ట్రామరైన్ నీలములో బర్న్ట్ సియెన్నా కలిపినచో చక్కని బూడిదవన్నె వచ్చునుగదా. అది చాలదని ఆకుపచ్చను, ఎరుపును గూడ చేర్చుటచే నీడలన్నియు మురికితేలెను. ఆవలిగట్టు చెట్లకును ఈవలి పడవకును ఒకే చిక్కదనము పెట్టుటచే నది వెడల్పు మాయమైనది.

ఈ చిత్రమును చూచి బాగున్నదనుట సులభము. కాని యెరిగినవాడు ప్రక్కన గూర్చుండి, "నాయనా, కాగితముమీది తడిమెరుపు తగ్గిన తరువాత నీళ్లకుంచెతో తాకకుము; పూర్తిగా ఆరనిమ్ము. దూరపు చెట్లకు రంగు పలుచన చేయుము" అని చెప్పెననుకొందము. అంతవరకు తన జన్మలోపమని తలచినది తడికిని కాలమునకును సంబంధించిన చిన్న పొరపాటని ఆ బాలునికి తెలిసిపోవును. అట్టి తప్పును రేపే దిద్దుకొనవచ్చును. ఇంతకంటె గొప్ప ప్రోత్సాహము వేరొకటి యున్నదా?

మొదట మెచ్చుకొందము, చేయి కుదిరిన పిమ్మట దోషములు చెప్పుదము అనువారును కలరు. నీటిరంగులకు ఆ మాట చెల్లదు. తైలవర్ణములలోనైన నారిన రంగుపై మరియొక రంగు వేసి తప్పును కప్పవచ్చును. పారదర్శకమైన నీటిరంగులలో వెలుగంతయు కాగితపు తెలుపునుండియే రావలెను. తెరచాప తెల్లగా నుండవలెనన్న ఆ చోటు ముందే విడిచిపెట్టవలెను. థాలో నీలము వంటి రంగులు కాగితపు పోగులలోనికి ఇంకి, ఎంత కడిగినను పూర్తిగా వదలవు. దిద్దుబాటునకు ఇంత తక్కువ తావుగల విద్యలో తప్పు జరుగకముందటి ఆలోచనయే ప్రధానము. ఆ ఆలోచన కలుగకముందే చేయి కుదిరినచో కుదురునది దోషమే. అంతేకాదు, పలుచని డ్రాయింగు కాగితము తడికి ఉబ్బి గుంటలుపడగా నీరు నిలిచి పూత చెడును. చదరపు మీటరునకు 300 గ్రాముల బరువుగల కాగితము కొనుమనియో, ఉన్న కాగితమునే తడిపి పలకమీద బిగించుకొనుమనియో చెప్పువాడు లేక యెందరు తమ చేతినే నిందించుకొనుచున్నారో!

విమర్శకు జడిసి కుంచె విడిచినవారు లేరా యందురు. కలరు. కాని వారిని జడిపించినది విమర్శ కాదు, పరిహాసము. "నీకిది రాదు" అనుమాట విమర్శయే కాదు; అది చిత్రమును విడిచి మనిషిపై బడినది. తప్పెచ్చట నున్నదో చూపి, ఎందుకు వచ్చినదో వివరించి, మరుసటి చిత్రమున నేమి చేయవలెనో చెప్పునదే విమర్శ. అదియును ఒక్కనాడు ఒకటి రెండు విషయములకు మించరాదు. చిత్రమున బాగున్నదానిని గూడ ఎందుకు బాగున్నదో చెప్పి చూపవలెను. అది మరల ఎట్లు సాధింపవలెనో విద్యార్థి యెరుగవలదా?

రాజమహేంద్రవర కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే, తానును చిత్రకారుడగుటచే, బాలుడైన దామెర్ల రామారావు ప్రతిభను గుర్తించెను. గుర్తించి పొగడి యూరకుండలేదు, బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదువుటకు త్రోవ చూపెను. ఊరివారి మెప్పు చాలునన్నచో ఆ ప్రయాణమే యక్కరలేదు. ప్రతి రేఖయు గురువుల పరీక్షకు నిలువవలసిన చోటికి శిష్యుని పంపుటయే నిజమైన వాత్సల్యము. 1897లో జన్మించి, 28 ఏండ్లు నిండకుండగనే 1925లో గతించిన రామారావు ఆంధ్ర చిత్రకళలో చిరస్థాయిగా నిలుచుటకు ఆయన ప్రతిభతోపాటు ఆ శిక్షణయు కారణమే.

ఏ చిత్రము చూపినను బాగున్నదనువాని మాటను విద్యార్థి యెన్నాళ్లు నమ్మును? దోషమును దోషమని చెప్పగలవాని నోట వచ్చిన మెప్పునకే విలువ. కావున చిత్రము చూపవచ్చిన విద్యార్థికి మన మీయవలసినది చిరునవ్వు మాత్రమే కాదు, చిత్రమును నిదానముగా చూచుటకు వలయు కాలమును, చూచినదానిని చూచినట్లు చెప్పు ధైర్యమును గూడ. ఆ శ్రమ పడలేనివారు తమ సోమరితనమునకు దయ యని పేరుపెట్టుకొనరాదు.