రసీదు లేని పన్ను ఇక కట్టం

లంచాన్ని మన దగ్గర ఎవ్వరూ లంచమనరు. చాయ్ పైసలంటరు. ఖర్చులుంటయంటరు. పై సార్లకు కూడా ముట్టాలె అంటరు. నిజాం జమానాలో మామూలన్నరు, నజరానా అన్నరు. పేరేదైనా అది పన్నే. అసెంబ్లీ వెయ్యని పన్ను, బడ్జెట్‌లో లేని పన్ను, రసీదియ్యని పన్ను. అసలు పన్నుకైనా ఒక నీతి ఉంటది, ఉన్నోని మీద ఎక్కువ, లేనోని మీద తక్కువ అని. దీనికి అదీ లేదు. ఉన్నోనికి ఫోన్ చేసి పని చేయించెటోళ్లుంటరు. లేనోనికి జేబే దిక్కు.

ఈ పన్ను కట్టనిదెవరు? స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడ్డనాడు ఆదాయం సర్టిఫికెట్ కోసం తిరిగే విద్యార్థి కడుతడు. తండ్రి పోయినంక భూమిని తన పేర ఎక్కించుకోవాల్సిన రైతు కడుతడు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్పించాలంటే ఆ మోటర్ల కింది రైతులంతా చందాలేసుకొని కడుతరు. ముప్పై ఏండ్లు పాఠం చెప్పి దిగిపోయిన పంతులు సారు తన పెన్షన్ ఫైలు కదలడానికి సాటి ఉద్యోగికే కడుతడు. ఇయ్యాల తీసుకునెటోడు కూడా రేపు ఇంకో కిటికీ ముందర నిలబడి కట్టాల్సిందే.

మనల్ని మనం ఒక మాట అడుక్కుందాం. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేసినం. ఆఫీసులు ఆగినయి, బడులు ఆగినయి, బస్సులు ఆగినయి, బొగ్గు బావులు ఆగినయి. జీతాలు పోగొట్టుకున్నం, కేసులు మోసినం, లాఠీలకు వీపులిచ్చినం. ఢిల్లీకి ఎదురు నిలబడ్డ మనం మండలాఫీసులో ఒక్క టేబుల్ ముందర ఎందుకు తల వంచుతున్నం? పిరికితనమా? కాదు. సమ్మెలో లక్షల మందిమి ఉన్నం. టేబుల్ ముందర ఒక్కలమే ఉంటం. లంచం బతికేది ఈ ఒంటరితనం మీదనే. అది మనల్ని ఒక్కొక్కరిగా పిలుస్తది, ఒక్కొక్కరిగా బేరమాడుతది, ఒక్కొక్కరిగా దోస్తది.

కుర్చీలు మారినయి, ఆచారం మారలేదు

1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. పండుగ చేసుకున్నం. తర్వాత ఆ బస్తా వీఆర్వో చేతికి వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో పోస్టులను కూడా రద్దు చేసిండ్రు. అదే ఏడు అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025లో దాని జాగాలో భూభారతి వచ్చింది, ఊళ్లకు గ్రామ పాలనాధికారులు వచ్చిండ్రు. మనిషిని తీసి కంప్యూటర్ పెడితే లంచం పోతదన్నరు. కంప్యూటర్ మీట నొక్కేది కూడా మనిషే కదా! తహసీల్దార్లు, సర్వేయర్లు ఏసీబీకి చిక్కిన వార్తలు ధరణి రాకముందు చదివినం, వచ్చినంక కూడా చదివినం. 2020 ఆగస్టులో కీసర తహసీల్దారు పట్టుబడ్డనాడు దొరికింది కోటీ పది లక్షల రూపాయలు.

ఇంకో ఆశ ఉన్నది. పైన ఒక నిజాయితీపరుడు కూసుంటే కిందిదాకా అంతా బాగైతదని. 2011 ఆగస్టులో అన్నా హజారే రాంలీలా మైదానంలో నిరాహార దీక్ష చేస్తే దేశమంతా టీవీల ముందర కూసున్నది. లోక్‌పాల్ చట్టం 2014 జనవరిలో వచ్చింది. మొదటి లోక్‌పాల్‌ను నియమించింది 2019 మార్చిలో. ఐదేండ్లు కుర్చీ ఖాళీ! అయినా లోక్‌పాల్ చూసేది కేంద్రం సంగతి. మన ఊరి పట్టా పాస్‌బుక్కు దాని లెక్కలోకే రాదు. మన చాయ్ పైసల సంగతి మనమే తేల్చుకోవాలె.

కూలీలు చెప్పిన పాఠం

ఎట్ల తేల్చుకోవాల్నో చూపించింది పెద్ద చదువులు చదివినోళ్లు కాదు. రాజస్థాన్ కరువు కూలీలు. 1990 మే 1న అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. ఐఏఎస్ ఉద్యోగం వదిలేసి వచ్చిన అరుణా రాయ్, ఆమె సహచరులు కూలీల నడుమ బతుకుతూ కట్టిన సంఘం అది. కరువు పనులకు పోయిన కూలీలకు చట్టం చెప్పిన కూలి చేతికి రాలేదు. ఎందుకని అడిగితే, మీరు పని చేసినట్టు కాగితంలో లేదన్నరు. ఆ కాగితం చూపించుండ్రి అంటే, అది సర్కారు రహస్యమన్నరు. గునపం పట్టి మట్టి తవ్వినోనికి తన పేరున్న మస్టరు రహస్యమట!

1994 డిసెంబర్‌లో కోట్ కిరానా ఊరిలో జన్ సున్‌వాయీ పెట్టిండ్రు. బహిరంగ విచారణ. మస్టర్లు, బిల్లులు సంపాదించి అందరి ముందర పైకి చదివిండ్రు. ఈ పేరుగలాయన ఇన్ని రోజులు పని చేసిండు, ఇంత కూలి తీసుకున్నడు అని చదివితే జనంలో నుంచి ఒకరు లేచి, నేను ఆ పనికే పోలేదన్నరు. చచ్చిపోయినోళ్ల పేర్ల మీద కూడా కూలి ఎత్తిండ్రని తేలింది. 1996 ఏప్రిల్‌లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేసిండ్రు. వాళ్ల నినాదం ఒక్కటే: మా పైసలు, మా లెక్క. కొడుకు చేతికి పది రూపాయలిచ్చి అంగడికి పంపితే తిరిగొచ్చినంక లెక్క అడుగుతం, మా పేర కోట్లు ఖర్చు పెట్టే సర్కారును అడగొద్దా అన్నది వాళ్లలోని ఒక ఆడబిడ్డ. 2005 అక్టోబర్ 12న దేశమంతటా అమలులోకి వచ్చిన సమాచార హక్కు చట్టం వెనుక ఆ కూలీల చెమట ఉన్నది.

ఆ పని మన దగ్గర కూడా జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలు చేసిండ్రు. కూలీల ఇండ్ల పిల్లలే మస్టర్లు పట్టుకొని ఇంటింటికి తిరిగి, జాబ్ కార్డులతో సరిచూసి, మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందరనే చదివి వినిపించిండ్రు. ఫీల్డ్ అసిస్టెంట్ ముఖం మీదనే, నా కూలి నాకు ముట్టలేదని ముసలవ్వ చెప్పింది. రికవరీ రాసినదంతా వసూలైందా? కాలేదు. కానీ దొర ముందర నోరిప్పని గడ్డ మీద ఆఫీసర్ ముందర నోరిప్పడం చిన్న సంగతి కాదు. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం తీసేసి దాని జాగాలో వేరే చట్టం తెచ్చింది. చట్టం పేరు మారితే మారనీ, లెక్క అడిగే నోరు మనదే.

చేతిలోని కత్తిని మొండి చేస్తున్నరు

సమాచార దరఖాస్తుకు ఊరి స్థాయిలో ఒక్క పైసా ఫీజు లేదు. మండలాఫీసులో ఐదు రూపాయలు, ఆపైన పది. 30 రోజుల్లో జవాబియ్యాలె. ఇయ్యకుంటే రోజుకు 250 చొప్పున 25 వేల దాకా ఆ అధికారికే జుర్మానా. పాలకులకు ఇది ముల్లయింది. 2019లో చట్టం సవరించి కమిషనర్ల పదవీకాలం, జీతం కేంద్రం గుప్పిట్లో పెట్టుకున్నరు. 2023లో డేటా రక్షణ చట్టం పేర, వ్యక్తిగత సమాచారమని చెప్పి కాగితం దాచుకునే సాకు అధికారి చేతికిచ్చిండ్రు. మన దగ్గరైతే ఇంకా అన్యాయం. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేండ్లకు పైగా, తెలంగాణ సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనర్ లేడు. ఆ నడుమ సర్కారే మారింది, కుర్చీ మాత్రం నిండలేదు. నిధుల లెక్క అడిగి తెచ్చుకున్న రాష్ట్రంలో లెక్క చెప్పే కుర్చీని ఖాళీగ ఉంచినోళ్లను ఏమనాలె?

ఇచ్చినోడు కూడా దొంగే కదా అని నీతులు చెప్పెటోళ్లున్నరు. రెండింటినీ ఒక్క గాటన కట్టొద్దు. చెరువు శిఖం కబ్జా పెట్టి దానికి కాగితం పుట్టించుకునే రియల్ ఎస్టేట్ వ్యాపారి ఇచ్చేది వాటా. తన భూమికి తన పాస్‌బుక్కు కోసం రైతు ఇచ్చేది దోపిడీ సొమ్ము. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం లంచమిచ్చినోనికి కూడా ఏడేండ్ల దాకా జైలంటున్నది. అయితే బలవంతంగ ఇయ్యాల్సి వచ్చినోడు ఏడు రోజుల లోపల ఫిర్యాదు చేస్తే నేరం కాదని అదే చట్టంలో ఉన్నది. ముందుగాలనే ఏసీబీకి చెప్పి ఇస్తే అసలే నేరం కాదు. ఫోన్ నంబర్ 1064. ఫిర్యాదు చేసినాయన చనిపోయినా, భయపడి మాట మార్చినా, మిగతా సాక్ష్యాలుంటే శిక్ష వెయ్యొచ్చని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఈ ఏడు రోజుల సంగతి ఎన్ని ఊర్లల్లో తెలుసు? తెలువనియ్యకపోవడంలోనే వాళ్ల బలమున్నది.

ఉద్యోగ మిత్రులారా, మీతోని ఒక మాట. మిమ్ముల అందరినీ దొంగలనే మాట మాది కాదు. సమ్మెలో జీతం వదులుకున్న చేతులు మీవి. మీ ఆఫీసులో తీసుకోనోళ్లున్నరని మాకు తెలుసు. తీసుకోనందుకు మూలకు పోస్టింగ్ పడ్డోళ్లున్నరని కూడా తెలుసు. పీఆర్సీ కోసం, బదిలీల కోసం గేటు ముందర టెంటేసే సంఘం, నీతిగల్ల ఉద్యోగి మీద కక్ష గడితే ఆ టెంటెందుకు వెయ్యదు? ఏసీబీకి పట్టుబడ్డోని కోసం పైరవీ ఎందుకు చేస్తది? దీనికి మీరే జవాబు చెప్పాలె.

పాలకుర్తిలో ఐలమ్మ పంటను దొర గూండాలు ఎత్తుకపోవడానికి వస్తే సంఘం పోయి ఆమె పక్కన నిలబడ్డది. పంట ఇంటికి చేరింది. ఇయ్యాల కావాల్సింది కూడా ఆ పక్కన నిలబడే పనే. సర్టిఫికెట్ కోసం పోయే పిల్లగాని వెంట పదిమంది దోస్తులు పోవాలె. ప్రతి దరఖాస్తుకూ తేదీతో, సంతకంతో రసీదు అడుగాలె. ఎవరి ఫైలు ఎన్ని రోజుల నుంచి ఆగిందో కాలేజీ గోడ మీద, పంచాయతి గోడ మీద రాసి పెట్టాలె. ఏసీబీకి ఫోన్ చేసినోడు తెల్లారి ఊళ్లో ఒంటరి కాకుండ చూడాలె. ఇందులో దేనికీ జీవో అక్కర లేదు, ఎమ్మెల్యే సిఫారసు అక్కర లేదు.

రేపు పొద్దున మీ వాడకట్టులో ఎవరో ఒకరు ఏదో ఒక ఆఫీసుకు పోతరు. వెంట పోండ్రి. పదిమందిమి పోయి ఒక్కటే అడుగుదాం: సారూ, దీనికి రసీదు ఇస్తరా?